బొట్టు పెట్టిన బ్లేడు

నా గ్రైండింగ్ వీల్ మీద, నా కళ్లద్దాల మీద, ఇన్నేళ్ల తర్వాత కూడా పదికి పది మిగిలిన నా వేళ్ల మీద ఒట్టు వేసి చెబుతున్నాను. ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. మద్దిలపాలెంలో నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. నేను పదును పెట్టిన కత్తితో భీమిలిలో ఒకావిడ వంజరం తల కోస్తే, తల తెగిన సంగతి ఆ చేపకి కాసేపటి దాకా తెలియలేదని, ఈలోపు బేరమంతా వింటూ రెండుసార్లు కళ్లార్పిందని చెప్పినప్పుడు కూడా ఇలాగే నవ్వారు. చేపలకు రెప్పలుండవని ఒకాయన వాదనకు దిగాడు. ఆ రోజు ఆయన అక్కడ లేడు. నేనున్నాను.

సరే, అసలు విషయం. మూడేళ్ల కిందటి మాట. దసరా వెళ్లి వారమైంది. బస్సు డిపో వెనక సందులో నాదొక చిన్న కొట్టు. అంతకు ముందు పద్నాలుగేళ్లు పోర్టు పక్కన ఒక వర్క్‌షాపులో టూల్ గ్రైండర్‌గా పనిచేశాను. అంటే ఇనుమును కోసే పనిముట్లకు అంచు తీసేవాణ్ని. తర్వాత సొంతంగా సాన పెట్టుకున్నాను. టైలర్ల కత్తెరలు, హోటళ్ల కత్తులు, చేపలమ్మే ఆడవాళ్ల కత్తిపీటలు, వీటితో పాటు ఇళ్ల ముందు గడ్డి కోసే లాన్ మోవర్ల బ్లేడులు కూడా వస్తుంటాయి.

ఈ బ్లేడు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను పడ్డ తికమక మీకు అర్థం కాదు. మోవర్ కింద మూరెడు పొడవు ఇనుప పట్టీ ఒకటి, నడుమ ఒకే బోల్టు మీద, ఫ్యాన్ రెక్కలాగా అడ్డంగా తిరుగుతుంది. పదును పట్టీ అంతటికీ ఉండదు. రెండు కొసల్లో, తిరిగేటప్పుడు ముందుకు వచ్చే అంచుకే ఉంటుంది. వెనక అంచును కొద్దిగా పైకి వంచి ఉంచుతారు. దాన్ని లిఫ్ట్ అంటారు. అది గాలిని పైకి లాగి గడ్డిని నిటారుగా నిలబెడుతుంది, పదునైన అంచు వచ్చి కోస్తుంది, కోసిన గడ్డి అదే గాలికి వెనకున్న సంచిలో పడుతుంది. ఇంతే యంత్రం. ఇందులో తికమకపడటానికి ఏముంది అనుకునేవాణ్ని నేను కూడా.

ఆ రోజు పొద్దున్నే గోనెపట్టాలో చుట్టిన బ్లేడు చంకలో పెట్టుకుని ఎల్లాజీ వచ్చాడు. ఎల్లాజీది భీమిలి దగ్గర పల్లె. వేటకు వెళ్లేవాడు. వల లాగుతుండగా భుజం జారింది, అది మళ్లీ సరిగ్గా కూర్చోలేదు. సముద్రం మానేసి ఆరేళ్లుగా సీతమ్మధారలో ఒక టీచరమ్మగారింట్లో తోటపని చేస్తున్నాడు. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా మొదటి పలకరింపులోనే బావలమైపోయాం.

"బావ, దీనికి సాన ఎట్టాల. టీసరమ్మగారు మణికట్టు ఇరగ్గొట్టుకున్నారు. లేపోతే ఆరే ఆకురాయెట్టి రుద్దుకునేవోరు."

"టీచరమ్మ స్వయంగా రుద్దేవారా?"

"సైన్సు సెప్పినోరు బావ. ఆరికి మన సేతులంటే నమ్మకం నేదు."

నాకు ఆవిడ మీద గౌరవం పుట్టుకొచ్చింది. ఇంట్లోనే బ్లేడుకు పదును పెట్టుకోవడం కష్టం కాదు, ఓపిక కావాలంతే. ముందు ప్లగ్గు పీకేయాలి. ఇది రాస్తుంటే కూడా నా వేళ్లు ఒకసారి లెక్కపెట్టుకున్నాను. మెషీన్‌ను పక్కకు వాల్చి, బ్లేడు తిరగకుండా చెక్కముక్క అడ్డం పెట్టి బోల్టు విప్పాలి. పట్టీని ఇనుప దవడల వైస్‌లో బిగించి, కంపెనీవాడు ఇచ్చిన వాలులోనే ఆకురాయిని ఒకే దిక్కుగా తొయ్యాలి. ఆ వాలును బెవెల్ అంటారు. దాన్ని మార్చే తెలివితేటలు చూపించకూడదు. గడ్డం గీసుకునే బ్లేడంత పదును కూడా అక్కర్లేదు, మొదటి చిన్న రాయికే అంచు విరుగుతుంది. వెన్న కోసే కత్తికంటే కొంచెం ఎక్కువ ఉంటే చాలు. రెండు కొసలూ సమానంగా అరగదీశాక నడిమి కన్నాన్ని గోడ మేకుకు తగిలించి చూడాలి. ఒకవైపు వాలిందంటే అటు బరువెక్కువన్నమాట, ఇంకొంచెం రుద్దాలి. దీన్ని బ్యాలెన్సింగ్ అంటారు. ఇది చేయకపోతే మోటారు బేరింగులు పోతాయి. చివర్లో నూనెగుడ్డతో తుడవాలి. మన ఊళ్లో నూనె రాయని ఇనుము గుమ్మం దాటేలోపు తుప్పు పడుతుంది.

ఎల్లాజీ తెచ్చిన బ్లేడు మీద ఒకవైపు ఏవో అక్షరాలు ఉండేవట. ఉప్పుగాలికి తుప్పు పట్టి పోయాయి. నేను దాన్ని అద్దంలా మెరిపించి, బల్ల మీద చదునైన వైపు పైకి వచ్చేలా పెట్టి, నడిమి కన్నం పక్కన కుంకుమ బొట్టు పెట్టాను. అది నా అలవాటు. ఆయుధపూజ నాడు మొదలుపెడితే కార్తీకం దాకా నా కొట్టు నుంచి ఏ పనిముట్టూ బొట్టు లేకుండా బయటికి పోదు. ఉత్తి కుంకుమ రాలిపోతుంది కాబట్టి చుక్క వార్నిష్‌లో కలుపుతాను.

ఎల్లాజీ దాన్ని కళ్లకద్దుకుని పట్టుకెళ్లాడు.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు.

"కొయ్యట్నేదు బావ."

నేను నవ్వాను. బ్లేడు తీసి అంచు మీద బొటనవేలు అడ్డంగా జరిపాను. నవ్వు ఆగింది. నేను పెట్టిన పదును పెట్టినట్టే ఉంది. గడ్డి కోసిన అంచు కొంచెమైనా మొద్దుబారాలి. ఇది నిన్న కొట్టు నుంచి పోయినట్టుంది. కాగితం పెడితే సర్రున చీలింది.

"అసలు మెషీన్ నడిపేవా?"

"నడిపేను. రెండు దపాలు. గడ్డి కొసలన్నీ తెల్లబడిపోనాయి. ఎవుడో పళ్లతో కొరికినట్టుంది. టీసరమ్మగారు నాను రాళ్ల మీద తిప్పేనంతన్నారు."

రాళ్ల మీద తిప్పితే అంచుకు పళ్లు పడతాయి. ఇక్కడ ఒక్క పన్ను లేదు. అయినా చేతకాలేదని ఎలా చెబుతాం? వీల్ మీద రెండుసార్లు ఆనించి, నిప్పురవ్వలు బాగా కనబడేలా చేసి, "ఇప్పుడు చూడు" అని పంపాను. బొట్టు చెక్కుచెదరలేదు. వార్నిష్ ఆలోచన నాదేనని ఆ పూట కొంచెం గర్వపడ్డాను కూడా. ఆ గర్వం దగ్గర ఆగి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే కథ అక్కడే అయిపోయేది. ఆగలేదు.

రెండో వారం మళ్లీ అదే బ్లేడు, అదే పదును, అదే బొట్టు, అదే ఎల్లాజీ. మొహం మాత్రం మారింది.

"ఈపాలి ఏటైనాది?" అని అడిగాను.

"ఏటవుద్ది? సంచి కాళీ. గంట తిప్పితే గుప్పెడు గడ్డి పడ్లేదు. తాటి ముంజెలా సల్లగా ఉండే టీసరమ్మగారు నిన్న మాటాడ్డం మానీసినారు. డిసెంబరు మొదటి ఆదివారం ఆరింట్లో ప్రార్థన కూటం. ఏటేటా గడ్డిలోనే సాపలేసి పాటలు పాడతారు. ఈలోపు లాను బాగవ్వకపోతే వేరే మనిషిని ఎట్టుకుంతానని సెప్పీసినారు."

"ఆరేళ్ల నుంచి చేస్తన్నావు కదా. అంతమాట ఎలా అంటారు?"

"ఆరేళ్లు గడ్డి పచ్చగా ఉంది బావ. అందుకే అన్లేదు." కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. "ఈ బుజంతో మళ్లీ వల లాగలేను. సిమెంటు బస్తా ఎత్తలేను. గడ్డి కొయ్యడమొకటే వచ్చు. ఇప్పుడది కూడా రాదంతన్నారు."

బ్లేడును వెలుతురులోకి ఎత్తి చూశాను. పదును నా పని. పదును ఉంది. కోత లేదు. అయితే తప్పు ఎవరిది?

ఆ వారమంతా నేను అనుమానించని వస్తువు లేదు. కరెంటు వోల్టేజీ తక్కువై మోటారు మెల్లగా తిరుగుతోందేమో అనుకున్నాను. ఎల్లాజీ, మోటారు పక్కింటి కుక్క గేటు దూకిపోయేంత గట్టిగా అరుస్తోందన్నాడు. గడ్డి రకం మారిందేమో అనుకున్నాను. మెక్సికన్ గడ్డి, ఆరేళ్ల నుంచి అదే. పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గుదుమ్ము గడ్డి మీద పడి గట్టిపడిందేమో అని కూడా అన్నాను. "సీతమ్మధారలో బట్టలారేస్తే తెల్లగానే ఉంతన్నాయి బావ" అన్నాడు. ఎల్లాజీ అనుమానం ఎల్లాజీది. దిష్టి. మోవర్ హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. టీచరమ్మగారిది ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే కుటుంబం. ఆవిడ దాన్ని చూసి ఏమీ అనకుండా, చీపురు తగిలి తెగిపోకుండా కొంచెం పైకి కట్టుకోమని మాత్రం చెప్పారట.

ఒక రాత్రి నిద్రలో, పదునంటే ఏమిటో నేను మర్చిపోయినట్టు కల వచ్చింది. పొద్దున లేచి కొట్టులో ఉన్న ప్రతి కత్తినీ వేలితో తడిమాను. అన్నీ తెగేవే. ఒక్క ఆ బ్లేడే పదునుండి తెగదు. నలభై ఆరేళ్ల వయసులో, సగం జీవితం అంచుల మీద గడిపినవాడికి ఇంతకంటే అవమానం ఉంటుందా?

కూటానికి పదిరోజులుందనగా కొట్టు మూసి, స్పానర్లు సంచిలో వేసుకుని, ఎల్లాజీతో సీతమ్మధార వెళ్లాను.

టీచరమ్మగారు వరండాలో కుర్చీలో ఉన్నారు. కుడి మణికట్టుకు కట్టు. "మీరేనా అప్పారావుగారు? మీ పదును మూడు వారాలుగా చూస్తున్నాను" అన్నారు. అందులో కోపం లేదు. పరీక్ష పేపరు దిద్దేవాళ్ల గొంతు.

"మేడమ్, పదునుకేమీ లోటు లేదండి."

"అయితే లోటు ఎల్లాజీకా?"

ఎల్లాజీ తల వంచుకున్నాడు. నేను ఔనంటే ఒకరి పొట్ట కొట్టినట్టు, కాదంటే నా పేరు పోయినట్టు. "ఒకసారి నడిపి చూపించు" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఎల్లాజీ నడిపాడు. నేను పక్కనే నడిచాను. మెషీన్ పోయిన దారిలో గడ్డి తెగలేదు, పడుకుంది. నూనె రాసి దువ్విన తలలాగా అణిగిపోయింది. గాలి గడ్డిని పైకి లాగాలి కదా, ఇదేమిటి కిందకు నొక్కుతోంది? ఆపమన్నాను. ప్లగ్గు పీకి, మెషీన్ పక్కకు వాల్చి, కూర్చుని చూశాను.

బ్లేడు అంచు తళతళమంటోంది. ఒక్క ఆకుపసరు చుక్క లేదు. పసరంతా వెనకవైపు ఉంది, లిఫ్ట్ మీద, పదును లేని వీపు మీద, చిక్కగా, పచ్చగా. గడ్డిని కోయాల్సిన వైపు శుభ్రంగా ఉంది, కోయకూడని వైపు తడిసింది. ఇది చూసి కూడా నాకు అర్థం కాలేదని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఒట్టేశాను కాబట్టి రాస్తున్నాను. మోటారు తిరగబడి తిరుగుతోందా? వైర్లు మార్చి కలిపారా? మెషీన్ చుట్టూ మూడుసార్లు తిరిగాను. టీచరమ్మగారు వరండా దిగి వచ్చి, నేనేదో పూజ చేస్తున్నాననుకుని మర్యాదగా దూరంగా నిలబడ్డారు.

మూత మీద తిరిగే దిక్కుకు బాణం గుర్తు ఉంది. ఆ దిక్కుగా బ్లేడును చేత్తో మెల్లగా తిప్పాను. వీపు ముందు వచ్చింది, అంచు వెనక వచ్చింది. ఇంకోసారి తిప్పాను. అదే. కత్తిని తిరగేసి పట్టుకుని వీపుతో వంకాయ కోస్తున్నట్టు.

బోల్టు విప్పి బ్లేడు తీసి తిరగేశాను. మోటారు వైపు, చీకట్లో, నా బొట్టు పెట్టింది పెట్టినట్టు ఉంది. నేలవైపు ఉండాల్సిన బొట్టు. నేలవైపు ఉండి ఉంటే మొదటి రోజే గడ్డి తుడిచేసి ఉండాల్సిన బొట్టు.

"ఎల్లాజీ, దీన్ని తిరగేసి బిగించేవేటి?"

"తిరగేసి కాదు బావ. బొట్టు పైకెట్టినాను."

"ఎందుకు?"

అతను నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. "బొట్టెట్టింది నువ్వు. దాన్ని మట్టికేసి ఎట్టమంతావా? కుక్కలు తిరిగే సోట? తప్పు కాదేటి?"

నేను బొట్టు పెట్టిన వైపు నేలకు ఉండాలని నా మనసులో ఉంది. నా మనసులోది ఎల్లాజీకి ఎలా తెలుస్తుంది?

టీచరమ్మగారు మెల్లగా అన్నారు. "ఎల్లాజీ తప్పు లేదండి. నన్ను అడిగాడు. వంటింట్లో ఉన్నాను. అమ్మా, పూజ చేసిన బ్లేడు, బొట్టు మట్టిలోకి పెట్టొచ్చా అన్నాడు. వద్దు నాయనా, అది మీ నమ్మకం, పైకే ఉంచు అన్నాను. మేం బొట్టు పెట్టుకోం. అందుకే ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలనుకున్నాను." కట్టున్న చేతిని సవరించుకుని, "ముప్ఫై ఏళ్లు పిల్లలకు చూసి చెప్పండి, చూడకుండా చెప్పకండి అని పాఠం చెప్పాను. కిటికీలోంచి తొంగి చూస్తే తెలిసేది" అన్నారు.

నేను భక్తితో పెట్టాను, అతను భక్తితో తిప్పాడు, ఆవిడ మర్యాదతో ఒప్పుకున్నారు. మధ్యలో గడ్డి చచ్చింది.

"మరి ఇంతకుముందంతా సరిగ్గానే బిగించేవాడు కదా?" అని ఆవిడే మళ్లీ అడిగారు.

"అచ్చరాలు కిందకెట్టమని మీరే సెప్పినారు కదమ్మా. ఇప్పుడు అచ్చరాలు నేవు" అన్నాడు ఎల్లాజీ.

"తుప్పు తినేసిందండి" అన్నాను. "ఉప్పుగాలి. ఎవరి తప్పూ కాదు."

ఎల్లాజీ నావైపు చూశాడు. బోల్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

బ్లేడును సరిగ్గా బిగించి నడిపాం. శబ్దమే మారిపోయింది. అరుపు పోయి, గుడ్డ చింపుతున్నట్టు ఒకే సన్నని చప్పుడు. రెండు వరసలకే సంచి బరువెక్కింది. తెగిన గడ్డి వాసన వరండా దాకా వచ్చింది. టీచరమ్మగారు ఎడమ చేత్తో గుప్పెడు గడ్డి తీసి కొసలు దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఇది కోత" అన్నారు. తర్వాత ఎల్లాజీ వైపు తిరిగి, "కూటం నాడు చాపలు నువ్వే పరవాలి. ఎక్కడ ఎండ ముందు పోతుందో కొత్తవాళ్లకు తెలియదు" అన్నారు. ఆ మాటతో ఎల్లాజీ పని నిలబడిందని నాకు అర్థమైంది. ఎల్లాజీకి ఇంకా ముందే అర్థమైనట్టుంది, సంచి దులపడానికని గోడ వెనక్కి వెళ్లి చాలాసేపు రాలేదు. డిసెంబరు ఆదివారం నాటికి లాన్ కొత్తదానిలా అయిందని అబద్ధం చెప్పను. అక్కడక్కడా తెల్లమచ్చలున్నాయి. వాటి మీదే చాపలు పరిచాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. అంచు ఎంత బాగున్నా ఏ వైపు ఎటుండాలో చెప్పకపోతే పని సగమే చేసినట్టు. మీరు ఇంట్లో బ్లేడు విప్పినా, విప్పే ముందే నేలవైపున రంగుతో ఒక గీత గీయండి. పని చేసేవాడికి అది ఏ గీతో నోటితో కూడా చెప్పండి. ఇప్పుడు నేను ప్రతి బ్లేడు మీదా తెల్లరంగుతో "ఇది నేలకు" అని తెలుగులో రాస్తాను. బొట్టు మెషీన్ హ్యాండిల్‌కు పెట్టుకోమని కుంకుమ విడిగా పొట్లం కట్టి ఇస్తాను.

ఇక ఒట్టు సంగతి. ఒక్కచోట తప్పాను. అక్షరాలను తుప్పు తినలేదు. ఎల్లాజీ మొదటిసారి తెచ్చినప్పుడు అవి తెల్లగా, స్పష్టంగా ఉన్నాయి. ఈ వైపు నేలకు ఉంచాలని ఇంగ్లీషులో రాసుంది. నేను చదివాను కూడా. బ్లేడు అద్దంలా మెరవాలన్న సరదాలో బఫింగ్ వీల్ మీద, అంటే మెరుగు పెట్టే గుడ్డచక్రం మీద, వాటిని నేనే తుడిచేశాను. ఎల్లాజీ అప్పుడు నా ఎదురుగా బల్ల మీదే ఉన్నాడు. తుడుస్తుంటే చూశాడు. ఆ రోజు లాన్‌లో నేను తుప్పు అన్నప్పుడు నావైపు చూసింది అందుకే. నోరు తెరిస్తే చాలు, మూడు వారాలుగా తన మీద పడ్డ నింద మొత్తం నా మీదకు వచ్చేది.

తర్వాతెప్పుడో అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"నా పని నిలబడిపోనాది కదా బావ. సానోడే అచ్చరాలు సెరిపీసినాడని తెలిస్తే నీకెవుడిత్తాడు బ్లేడు?" అన్నాడు, గోనెపట్టా మడత పెట్టుకుంటూ.

టీచరమ్మగారికి ఇప్పటికీ తెలియదు. ఆవిడ ఏ పుస్తకమైనా చేతిలో పెన్సిల్ పట్టుకుని చదువుతారని ఎల్లాజీ చెప్పాడు. అమ్మా, ఈ పేరా కింద మీరు గీత గీసే ముందే నేను గీసుకున్నాను. తుప్పు అబద్ధం.

మిగతాదంతా నిజం. వంజరంతో సహా.